ప్లాన్ గీయకముందే జనాన్ని పిలవాలి

పెద్దాసుపత్రిలో స్కానింగ్ గది ఎక్కడుందో తెలియక రోగి బంధువులు మూడు అంతస్తులు ఎక్కి దిగుతారు. బడిలో మధ్యాహ్నమయ్యేసరికి కిటికీలోంచి ఎండ నేరుగా బోర్డు మీద పడి వెనక బెంచీల పిల్లలకు అక్షరాలు కనిపించవు. బస్టాండులో వాన వస్తే సరిగ్గా ప్రయాణికులు నిలబడే చోటికే జల్లు కొడుతుంది. అప్పుడు మనం సిబ్బందిని తిట్టుకుంటాం, కాంట్రాక్టర్‌ని తిట్టుకుంటాం, ప్రభుత్వాన్ని తిట్టుకుంటాం. ఆ గది అక్కడ ఉండాలని, ఆ కిటికీ అటు తెరుచుకోవాలని, ఆ కప్పు అంతవరకే రావాలని ఒక రోజున ఎవరో కూర్చుని నిర్ణయించారన్న ఆలోచన మాత్రం రాదు. బాగా కుదిరిన చోటా ఇంతే. చల్లగా, వెలుతురుగా ఉన్న లైబ్రరీలో గంటల తరబడి చదువుకున్నవాళ్లు ఆ హాయి దానంతటదే వచ్చిందనుకుంటారు.

ఆర్కిటెక్ట్ చేసే పని సమాజం కంటికి ఇంతగా ఆనకపోవడం మంచిది కాదని మేం నమ్ముతున్నాం. డాక్టర్ ఏం చేస్తారో, లాయర్ ఏం చేస్తారో అందరికీ ఓ మోస్తరుగా తెలుసు. ఆర్కిటెక్ట్ అంటే మాత్రం డబ్బున్నవాళ్ల ఇళ్లకు ముందుభాగం అందంగా చేసిపెట్టే మనిషి అన్న అభిప్రాయం దగ్గరే చాలామంది ఆగిపోయారు. ఇంజనీర్ ఉండగా మళ్లీ ఈయనెందుకని అడిగేవాళ్లూ ఉన్నారు. ఆ ప్రశ్నలో తప్పు లేదు. వాళ్లకు ఎవరూ చెప్పలేదు, అంతే. స్తంభం ఎంత లావుండాలి, అందులో ఎంత ఇనుము పడాలి, ఎంత బరువు ఆగుతుంది అన్న లెక్క స్ట్రక్చరల్ ఇంజనీర్‌ది. అసలు ఆ స్తంభం ఎక్కడ రావాలి, దాని చుట్టూ మనుషులు ఎలా నడుస్తారు, గాలి ఎటు నుంచి వచ్చి ఎటు పోతుంది, నిప్పంటుకుంటే అందరూ ఏ దారిన బయటపడతారు, చక్రాల కుర్చీలో వచ్చినవాళ్లు ఇంకొకరి సాయం లేకుండా లోపలికి రాగలరా, ఉన్న డబ్బులో ఏది ముందు కట్టి ఏది తర్వాతకు వదలాలి అన్నవి ఆర్కిటెక్ట్ తలకెత్తుకునే ప్రశ్నలు. ఇద్దరి పనీ కలిస్తేనే భవనం నిలబడుతుంది, మనుషులకు పనికొస్తుంది.

ఇది తెలియకపోవడం వల్ల నష్టపోయేది ఆర్కిటెక్టులు మాత్రమే అయితే ఈ సంపాదకీయం రాసేవాళ్లం కాదు. ప్రపంచంలో ఇంధన వాడకం వల్ల గాల్లో కలిసే కార్బన్ డయాక్సైడ్‌లో మూడో వంతుకు పైగా భవనాల నుంచి, వాటి నిర్మాణం నుంచే వస్తోంది. ఒకసారి లేచిన గోడ ఒక తరం దాటినా అక్కడే ఉంటుంది. అది తప్పు దిక్కున లేస్తే అన్నేళ్లూ కరెంటు బిల్లు రూపంలో, పగలే లైటు వేసుకునే గదుల రూపంలో భరించేది అందులో ఉండేవాళ్లు. తమ తరఫున ఏం అడగాలో తెలియనివాళ్లు ఏదిస్తే అది పుచ్చుకోక తప్పదు.

మరి తెలియజెప్పడమెలా? 1948లో ఏర్పడిన అంతర్జాతీయ ఆర్కిటెక్టుల సమాఖ్య ఏటా అక్టోబరు మొదటి సోమవారాన్ని ప్రపంచ ఆర్కిటెక్చర్ దినోత్సవంగా జరుపుతోంది. ఇలాంటి సందర్భాల్లో సెమినార్లు, అవార్డులు, ఫొటో ప్రదర్శనలు పెడుతుంటారు. వాటిని మేం తక్కువ చేయడం లేదు. కానీ అలాంటి హాల్లో కూర్చునేవాళ్లలో ఎక్కువమంది ఆర్కిటెక్టులు, లేదంటే ఆ కోర్సు చదివే విద్యార్థులు. అక్కడ చెప్పిన మాట వీధి దాకా రాదు.

తలుపులు తెరవడం ఇంతకంటే మంచి పద్ధతి. లండన్‌లో 1992లో విక్టోరియా థార్న్‌టన్ మొదలుపెట్టిన ఓపెన్ హౌస్ ఆ పనే చేసింది. ఏడాదిలో కొన్ని రోజుల పాటు, మామూలుగా బయటివాళ్లను రానివ్వని భవనాల్లోకి కూడా ఎవరైనా ఉచితంగా వెళ్లి చూడొచ్చు. కొన్ని చోట్ల వాటిని డిజైన్ చేసినవాళ్లే దగ్గరుండి వివరిస్తారు. ఆ ఆలోచన ఇప్పుడు 50కి పైగా నగరాలకు పాకింది. షికాగోలో 1966లో గ్లెస్నర్ హౌస్ అనే పాత ఇంటిని కూల్చకుండా కాపాడుకోవడానికి కొందరు చేయి కలిపారు. ఆ ప్రయత్నం నుంచి పుట్టిన సంస్థ తరఫున ఇవాళ వాలంటీర్లు పడవల్లో, కాలినడకన జనాన్ని తిప్పి ఆ నగరం భవనాల కథ చెబుతున్నారు. ఆర్కిటెక్టులు కాని మామూలు పౌరులే శిక్షణ తీసుకుని ఆ పని చేస్తున్నారు. ఒక వృత్తి గురించి బయటివాళ్లు ఇంత ఇష్టంగా చెప్పడం మాకు చాలా సంతోషం కలిగించే విషయం.

అయినా చూడడం వేరు, చేయి వేయడం వేరు. పూర్తయిన భవనం చుట్టూ తిరిగితే అది ఎంత బాగుందో తెలుస్తుంది. అది ఇంకోలా కూడా ఉండే వీలుందని, నాలుగు దారుల్లో ఒకటి ఎంచుకున్నారని, ఆ ఎంపికకు ఒక కారణం ఉందని తెలియాలంటే ఎంచుకునే వేళకు మనం అక్కడ ఉండాలి. మా వాదన అంతా ఇదే. ప్లాన్ గీయకముందే జనాన్ని పిలిస్తే ఆ వృత్తికి వేరే ప్రచారం అక్కర్లేదు.

పశ్చిమ ఆఫ్రికా దేశమైన బుర్కినా ఫాసోలోని గాండో గ్రామంలో జరిగింది చూడండి. ఫ్రాన్సిస్ కేరే ఆ ఊరివారే. బెర్లిన్‌లో ఆర్కిటెక్చర్ చదువుతూనే సొంత ఊరికి బడి కట్టాలని విరాళాలు పోగు చేశారు. మట్టితో కడదామనేసరికి ఊళ్లోవాళ్లు వెనక్కి తగ్గారు. మట్టి గోడ వానకు నిలవదన్నది వాళ్ల అనుభవం. విదేశంలో చదివి వచ్చినవాడు కాంక్రీటు తెస్తాడనుకుంటే మట్టి అంటున్నాడేమిటన్న అనుమానం కూడా అందులో ఉండే ఉంటుంది. కేరే ఆ భయాన్ని కొట్టిపారేయలేదు, దాన్నే డిజైన్‌లోకి తీసుకున్నారు. మట్టిలో కొంత సిమెంటు కలిపి గట్టి ఇటుకలు చేయించారు. గోడల మీద వాన పడకుండా రేకుల కప్పును బాగా బయటికి చాచారు. ఆ రేకులకూ లోపలి ఇటుకల సీలింగుకూ మధ్య ఖాళీ వదిలి వేడిగాలి పైనుంచి పోయేలా చేశారు. ఊరు ఊరంతా రాళ్లు మోసింది, నీళ్లు తెచ్చింది, ఇటుకలు చేసింది. 2001లో బడి పూర్తయింది. 2004లో దానికి ఆర్కిటెక్చర్‌కిచ్చే ఆగా ఖాన్ అవార్డు దక్కింది. 2022లో కేరే ఈ రంగంలో అత్యున్నతంగా భావించే ప్రిట్జ్‌కర్ బహుమతి అందుకున్నారు, ఆఫ్రికా నుంచి మొదటిసారిగా. బహుమతుల సంగతి అలా ఉంచితే, గోడ ఎందుకు అలా లేచిందో, కప్పు ఎందుకు పైకి ఎగిరినట్టుందో ఆ ఊళ్లో ఇటుక మోసినవాళ్లు చెప్పగలరు. ఆర్కిటెక్ట్ అంటే ఎవరో వాళ్లకు ఉపన్యాసం ఇవ్వాల్సిన పని లేదు.

జనాన్ని అడిగితే తలోమాట చెబుతారు, పని సాగదు, ఇక మా నైపుణ్యం ఎందుకు అని కొందరు ఆర్కిటెక్టులు అంటుంటారు. గాండో వాళ్లు డిజైన్ చేయలేదు. వాన వస్తే ఏమవుతుందని అడిగారు. ఆ ప్రశ్నకు జవాబు వెతకడంలోనే నైపుణ్యం బయటపడింది.

ఇంగ్లాండులో న్యూకాజిల్ నగరంలోని బైకర్ పేటను కొత్తగా కట్టే బాధ్యత 1960ల చివర్లో ఆర్కిటెక్ట్ రాల్ఫ్ ఎర్‌స్కిన్‌కు అప్పగించారు. ఆయన బృందం ఆ పేటలోనే, అంతకుముందు అంత్యక్రియల ఏర్పాట్లు చూసే దుకాణంగా ఉన్న చోట ఆఫీసు తెరిచింది. ఎవరైనా ఎప్పుడైనా లోపలికి రావచ్చు. ముందుగా 46 ఇళ్లు మాత్రమే కట్టి, అందులోకి రాబోయే కుటుంబాలతో కూర్చుని మాట్లాడి, అక్కడ నేర్చుకున్నది మిగతా ఇళ్లకు వాడారు. అంతా సవ్యంగా జరిగిందని చెప్పలేం. పనులు ఏళ్ల తరబడి సాగడంతో పాత నివాసుల్లో చాలామంది కొత్త బైకర్‌కు చేరుకోలేకపోయారు. అది చిన్న లోపం కాదు. అయితే వీధిలోకి తెరుచుకునే ఆఫీసు అన్న ఆలోచన మాత్రం ఇప్పటికీ ఆచరించదగ్గదే. ఏ పెద్ద ప్రాజెక్టుకైనా సైటు పక్కన ఒక గది, గోడకు డ్రాయింగులు, బల్ల మీద ఒక మోడల్, జవాబు చెప్పే మనిషి ఒకరు ఉంటే చాలు.

డబ్బు చాలనప్పుడు కూడా జనంతో లెక్క విప్పి మాట్లాడొచ్చు. చిలీలోని ఇకీకె నగరంలో దాదాపు 100 పేద కుటుంబాలకు వాళ్లు ఏళ్లుగా ఉంటున్న స్థలంలోనే ఇళ్లు కట్టాల్సి వచ్చింది. ప్రభుత్వమిచ్చే సాయం పూర్తి ఇంటికి చాలదు. ఆర్కిటెక్ట్ అలెహాండ్రో అరవేనా బృందం ఆ కుటుంబాలతోనే చర్చించి, వాళ్లంతట వాళ్లు కట్టుకోవడానికి కష్టమైన సగాన్ని, అంటే వంటగది, స్నానాల గది, మెట్లు, ముఖ్యమైన గోడలు కట్టి ఇచ్చి, మిగతా సగానికి ఖాళీ వదిలింది. ఇంతకంటే ముందే ఇండోర్‌లోని అరణ్య కాలనీలో ఆర్కిటెక్ట్ బాలకృష్ణ దోషి ఇలాంటి దారే పట్టారు. స్థలం, పునాది, నీళ్లు, మరుగుదొడ్డి వసతులు ఇచ్చి, ఇంటిని ఎన్ని రకాలుగా పెంచుకోవచ్చో చూపించడానికి 80 నమూనా ఇళ్లు కట్టించారు. మిగతాది అక్కడివాళ్లే పూర్తి చేసుకున్నారు.

అడగకుండా కడితే ఏమవుతుందో చెప్పడానికి అందరూ ఎత్తే పేరు ప్రూయిట్-ఐగో. అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో 1950ల మధ్యలో పేద కుటుంబాల కోసం ఆ పేరుతో 11 అంతస్తుల భవనాలు 33 కట్టారు. 1972లోనే కూల్చడం మొదలుపెట్టారు. చాలా ఏళ్లపాటు తప్పంతా ఆర్కిటెక్ట్ మినోరు యమసాకి నెత్తిన పెట్టారు. అసలు ఆయన మొదట తక్కువ ఎత్తు భవనాలు కూడా కలిపి ప్లాన్ ఇచ్చారు. ఖర్చు తగ్గించాలంటూ అధికారులు దాన్ని మార్పించారు. తర్వాత నిర్వహణకు డబ్బులు లేవు, నగరంలో జనాభా తగ్గిపోయింది. కొన్ని అంతస్తుల్లోనే ఆగే లిఫ్టుల లాంటివి మాత్రం డిజైన్‌లోని తప్పులే. ఏది ఎవరి బాధ్యతో విడదీసి చూడగలిగిన పౌరులు ఉంటే ఆర్కిటెక్ట్ మీద అన్యాయంగా పడే నింద తగ్గుతుంది, న్యాయంగా పడాల్సిన నింద తప్పకుండా పడుతుంది. వృత్తి గురించి జనానికి తెలియాలని మేం అంటున్నది అందుకు కూడా.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. పౌరుల భాగస్వామ్యంపై పనిచేసిన అమెరికన్ రచయిత్రి షెర్రీ ఆర్న్‌స్టైన్ 1969లో పౌరుల భాగస్వామ్యాన్ని 8 మెట్ల నిచ్చెనగా వర్ణించారు. కింది మెట్ల మీద జరిగేది జనాన్ని తమ దారికి తెచ్చుకోవడమే. మధ్య మెట్ల మీద సమాచారం ఇస్తారు, అభిప్రాయం అడుగుతారు. నిర్ణయంలో వాటా దొరికేది పై మెట్ల మీదే. పేరుకు జరిగే చాలా సభలు మధ్య మెట్టు కూడా ఎక్కవు. అన్నీ ఖరారయ్యాక రంగుల బొమ్మలు చూపించి, హాజరు పట్టీలో సంతకాలు తీసుకుని, గోడకు ఏ రంగు వేయమంటారని అడిగి పంపేస్తారు. అలాంటి సభ ఒక్కటి జరిగితే మరోసారి పిలిచినా జనం రారు. సభ పెట్టకపోవడం కంటే అది ఎక్కువ చేటు చేస్తుంది.

నిజంగా వినాలనుకుంటే మార్గాలున్నాయి. ప్లాన్ చదవడం అందరికీ రాదు. అట్టముక్కలతో చేసిన మోడల్ ముందు పెడితే పదేళ్ల పిల్లవాడు కూడా తలుపు ఇటు ఉండాలని చూపిస్తాడు. సైటు మీద సున్నంతో అసలు కొలతల్లో గీతలు గీసి, ఇదీ మీ క్లాస్‌రూమ్ అని నిలబెడితే టీచర్లకు వెంటనే తెలిసిపోతుంది, చోటు చాలుతుందో లేదో. పిలిచేటప్పుడు పెద్దమనుషులతో సరిపెట్టకూడదు. నీళ్లు ఎక్కడ నిలుస్తాయో ఊడ్చే ఆవిడకు తెలుసు. రాత్రి ఏ మూల చీకటిగా ఉంటుందో వాచ్‌మన్‌కు తెలుసు. పగలు పనికి వెళ్లేవాళ్ల కోసం సభ సాయంత్రం పెట్టాలి. ఎవరు ఏం చెప్పారు, అందులో ఏది తీసుకున్నారు, ఏది ఎందుకు తీసుకోలేదు అన్నది తర్వాత రాసి అందరికీ కనపడేలా అంటించాలి. ఈ ఆఖరి పని చేసేవాళ్లు చాలా తక్కువ.

దీనికి టైమ్ పడుతుంది, టైమ్‌కు డబ్బు పడుతుంది. తక్కువ ఫీజు అడిగినవాళ్లకే పని ఇస్తూ, పది సభలు కూడా పెట్టమంటే ఎవరూ చేయలేరు. ప్రజల సొమ్ముతో కట్టే ప్రతి భవనం ఒప్పందంలో సంప్రదింపుల పనిని విడిగా రాసి, దానికి విడిగా ఫీజు ఇవ్వాలని స్థానిక సంస్థలను కోరుతున్నాం. ఆర్కిటెక్టుల సంఘాలు కూడా ఇదే అడగాలి. ఆ భారాన్ని జీతం లేని విద్యార్థుల మీదకు తోసేయడం మాత్రం సరికాదు. విద్యార్థులకు అది చదువులో భాగం కావాలి. అమెరికాలోని ఆబర్న్ యూనివర్సిటీ 1993లో మొదలుపెట్టిన రూరల్ స్టూడియోలో విద్యార్థులు అలబామాలోని పేద గ్రామాల్లో అధ్యాపకుల పర్యవేక్షణలో ఇళ్లు, ప్రజల భవనాలు డిజైన్ చేసి తమ చేతులతో కడతారు. ఎవరి కోసం కడుతున్నారో వాళ్లతో మాట్లాడడం అక్కడ పాఠమే. బడి పిల్లలకైతే పెద్ద సిలబస్ అక్కర్లేదు. తమ బడిని తామే టేపుతో కొలిచి, ఏ గదిలో ఎక్కువ వేడిగా ఉందో, ఎందుకో కనిపెట్టమంటే చాలు.

పత్రికలుగా మా వంతు తప్పు కూడా ఉంది. కొత్త భవనం వార్తలో ఎంత ఖర్చయిందో రాస్తాం, రిబ్బన్ ఎవరు కట్ చేశారో రాస్తాం, వేదిక మీద ఉన్నవాళ్ల పేర్లన్నీ వేస్తాం. డిజైన్ చేసినవాళ్ల పేరు వేయం. పెచ్చులూడినప్పుడు కూడా డ్రాయింగు ఎవరిది, మార్పులు ఎవరు చేయించారని అడగం. ఇకపై ప్రజాధనంతో కట్టే భవనాల వార్తల్లో ఆర్కిటెక్ట్ పేరు, స్ట్రక్చరల్ ఇంజనీర్ పేరు, ప్లాన్ ఖరారయ్యేముందు దాన్ని వాడబోయేవాళ్లను అడిగారా లేదా అన్న వివరం ఉండేలా చూస్తాం. ప్రారంభోత్సవం దాకా ఆగకుండా, ప్లాన్ ఇంకా బల్ల మీద ఉన్నప్పుడే మా విలేకరులు వెళ్లి ఆ ప్రశ్న అడుగుతారు.