స్టాపులో పోయే నిమిషాల సంగతి చూడండి

విశాఖ సిటీ బస్సులు ఆలస్యం కావడానికి బస్సులు చాలకపోవడమే కారణమని ఈమధ్య ఒక వ్యాసంలో రాశారు. అది సగమే నిజం. రానూపోనూ 120 నిమిషాలు పట్టే రూటులో 12 బస్సులుంటే పది నిమిషాలకొకటి వస్తుంది. అదే ట్రిప్పు 100 నిమిషాల్లో పూర్తయితే, పది బస్సులతోనే పది నిమిషాలకొకటి నడపొచ్చు. మిగిలిన రెండూ రద్దీ వేళకి పనికొస్తాయి.

ఆ ఇరవై నిమిషాలు ఎక్కణ్ణుంచి వస్తాయి? స్టాపుల్లోంచే. ఒక వైపు 40 స్టాపులనుకోండి, ఒక్కోచోట 15 సెకన్లు తగ్గినా పది నిమిషాలు మిగులుతాయి, రానూపోనూ ఇరవై. మద్దిలపాలెం, గాజువాక లాంటి చోట్ల షెల్టరు ముందు ఆటోలు నిలబడితే బస్సు రోడ్డు మధ్యలోనే అడ్డంగా ఆగాలి. జనం ఆటోల సందుల్లోంచి పరిగెత్తుకొస్తారు, దిగేవాళ్లూ ఎక్కేవాళ్లూ ఒకే మెట్టు మీద తోసుకుంటారు, వెనక ట్రాఫిక్ అంతా ఆగిపోతుంది. కాబట్టి ముందు బస్సు పట్టేంత జాగా ఖాళీ చేయించాలి. వెనక తలుపు ఎక్కడానికి, ముందు తలుపు దిగడానికి అన్నది కచ్చితంగా అమలు కావాలి. 2025 ఆగస్టు 15న మహిళల ఉచిత ప్రయాణ పథకం స్త్రీశక్తి మొదలయ్యాక వాళ్లకి ఛార్జీ లేకపోయినా జీరో టికెట్ (సున్నా రూపాయల టికెట్) కొట్టాల్సిందే, దానికీ టైము పడుతుంది. అందుకే రద్దీ స్టాపుల్లో బస్సు రాకముందే కింద టికెట్లిచ్చే మనిషి ఉండాలి.

సిగ్నల్‌కి ముందున్న స్టాపుల్ని వీలైన చోట సిగ్నల్ దాటాక పెట్టాలి. లేకపోతే జనం ఎక్కేలోపు పచ్చలైటు పోతుంది, బస్సు మళ్లీ ఆగుతుంది. అలా వెనకబడ్డ బస్సుకి తర్వాతి స్టాపులో జనం ఇంకా పెరుగుతారు, వెనకాల వచ్చే బస్సు ఖాళీగా వచ్చి దీన్ని అందుకుంటుంది. పెందుర్తి, సింహాచలం బీఆర్‌టీఎస్ (బస్ ర్యాపిడ్ ట్రాన్సిట్ సిస్టం) రోడ్లలో మధ్య లేన్లు బస్సుల కోసమే వేశారు, వాటిలోకి కార్లూ బైకులూ రాకుండా చూడటం కొత్త బస్సులు కొనడం కన్నా చవక.