‘ఇలా తే, నేను చేసేస్తాను’ అనడం ముందు మానేద్దాం

ఒడిశాలోని మా పర్లాకిమిడిలో పెద్దవాళ్ళ దగ్గర టచ్ ఫోన్ లేదనుకునేరు, చాలామందికి ఉంది. కొడుకు హైదరాబాద్‌లో కొత్తది కొనుక్కుని పాతది అమ్మకి పంపిస్తాడు. అద్దం ఓ మూల పగిలి ఉంటుంది. లోపల సగం యాప్‌లు కొడుకువే, భాష ఇంగ్లిష్. ఆవిడకి తెలిసిందల్లా పచ్చది నొక్కితే మాట్లాడొచ్చు, ఎర్రది నొక్కితే ఆగిపోతుంది. ఇంకేదైనా అడిగిందా, ఇంట్లో అందరిదీ ఒకటే మాట: "నీకెందుకమ్మా, ఇలా తే, నేను చేసేస్తాను." నా గొడవంతా ఆ మాట మీదే. చేసిపెట్టడం వేరు, నేర్పడం వేరు.

పోనీ సర్కారు నేర్పిందా? 2017లో ప్రధానమంత్రి గ్రామీణ డిజిటల్ సాక్షరతా అభియాన్ పెట్టారు. ఇంటికొకరికి 20 గంటల శిక్షణ, 6 కోట్ల ఇళ్ళు లక్ష్యం. 2024 మార్చిలో ముగిసేసరికి 6 కోట్లు దాటేశామన్నారు. సంతోషం. కానీ అందులో చేరడానికి వయసు 14 నుంచి 60 వరకే. వృద్ధాప్య పింఛను మొదలయ్యేదే 60కి! వేలిముద్రలు, కేవైసీలు, ఓటీపీలు మనిషి మెడకి చుట్టుకునే వయసుకే పాఠం ఆపేశారన్నమాట. నేర్చుకున్న ఆ ఒక్కరు ఇంట్లో పెద్దలకి చెబుతారనుకున్నారేమో. ఆ ఒక్కరు బెంగళూరు వెళ్ళిపోయారు, కేరళ వెళ్ళిపోయారు.

మన ఒడిశా సుభద్ర పథకం సంగతీ అంతే. 21 నుంచి 60 లోపు ఆడవాళ్ళకి ఏడాదికి 10,000, పంచాయతీలో డిజిటల్ లావాదేవీలు ఎక్కువ చేసిన 100 మందికి పైన ఇంకో 500. 60 దాటినవాళ్ళకి భత్తా, అంటే వృద్ధాప్య పింఛను, ఉంది కదా అంటారు. డబ్బు వరకూ అయితే ఒప్పుకుంటాను. ఫోన్ వాడమని ప్రోత్సహించడానికి కూడా అదే గీత ఎందుకో నాకు అర్థం కాదు.

దీనివల్ల ఏమవుతుందో మా వీధి పెద్దమ్మ విషయంలో చూశాను. ఏళ్ళ తరబడి నాట్లేసి, అంట్లు తోమి ఆవిడ వేళ్ళ గీతలు అరిగిపోయాయి. వేలిముద్రతో డబ్బు తీసే చోటికెళ్ళి మిషన్ మీద వేలు పెడుతుంది. పడదు. కుర్రాడు కొంగుతో తుడవమంటాడు, ఇంకో వేలు పెట్టమంటాడు.

"పడిందేటి బాబూ?"

"లేదమ్మా, ఇంకోసారి పెట్టు."

నిజంగా పడలేదో, పడ్డాకే మళ్ళీ పెట్టించాడో ఆవిడకెలా తెలుస్తుంది? బ్యాంకు మెసేజ్ వస్తుంది, అదీ ఇంగ్లిష్‌లో. నేను ఆవిడ ఫోన్లో పాత మెసేజ్‌లు చూస్తే ఒకే రోజు రెండుసార్లు డబ్బు తీసినట్టుంది. చేతికొచ్చింది ఒక్కసారే. వెళ్ళి అడిగితే "సర్వర్ ప్రాబ్లం" అన్నాడు. తర్వాత ఇచ్చేశాడు లెండి, అడిగాం కాబట్టి.

అందుకే నన్నడిగితే మొదటి పాఠం ఫోన్‌పే కాదు, బ్యాంకు మెసేజ్‌లో అంకె చూడటం. అక్షరం రాకపోతే అంకె కూడా రాదనుకోవడం మన పొగరు. సంతలో కూరలమ్మే మనిషి నోటి లెక్క ముందు మన క్యాలిక్యులేటర్ ఎందుకూ పనికిరాదు. తీసింది ఎంత, మిగిలింది ఎంత, ఈ రెండూ ఎక్కడుంటాయో వేలు పెట్టి చూపిస్తే చాలు. ఒక్క చిక్కుంది: ఖాతా నంబరు చివరి అంకెలు కూడా అక్కడే ఉంటాయి, మొదట్లో అదే పోయిన డబ్బనుకుని గుండె పట్టుకుంటారు. ఇప్పుడు పెద్దమ్మ ఆ కౌంటర్ దగ్గరే ఫోన్ తీసి, అంకె కలిస్తే గానీ కదలదు. వెనక లైన్లో జనం విసుక్కుంటారు. విసుక్కోనీ.

ఇక భాష. ఇక్కడ ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా. తెలుగు మాట్లాడేవాళ్ళందరికీ తెలుగు చదవడం రాదు, ఒడియా బడిలో చదివినవాళ్ళకి ఆ అక్షరాలే వచ్చు. సెట్టింగ్స్‌లో తెలుగు పెట్టేసి ఉపకారం చేశామనుకునే ముందు ఏది చదవగలరో అడగాలి కదా. ఏదీ రాకపోతే అక్షరాల జోలికే వెళ్ళొద్దు. ఒక్కో నంబరుకి ఆ మనిషి ఫొటో పెట్టండి. వాట్సాప్‌లో మైకు గుర్తు చూపించండి, నొక్కిపట్టి మాట్లాడి వదిలేస్తే మాట వెళ్ళిపోతుంది. సవర గిరిజన పిల్లలకి సవర భాషలోనే చదువు చెప్పాలని గిడుగు రామమూర్తి పంతులు గారు ఇదే ఊళ్ళో ఉండి ముందు తాను ఆ భాష నేర్చుకున్నారు. మనకేమో సొంత తల్లికి నిదానంగా చెప్పే ఓపిక లేదు, పైగా ఆవిడకే బుర్ర లేదంటాం.

ఇంకో అలవాటు, భయపెట్టడం. "ఏదీ నొక్కకు, డబ్బులు పోతాయి." ఏమీ తెలియని మనిషే కదా అడిగినవాడికల్లా ఓటీపీ చెప్పేది! పిన్ నంబరు కాగితం మీద రాసి ఫోన్ కవర్లో దోపింది ఎవరు మరి? మనమే. భయం బదులు ఇది చెప్పండి: డబ్బు పంపడానికి పిన్ కావాలి, రావడానికి ఎప్పుడూ అక్కర్లేదు. మోసం జరిగితే ఆ క్షణమే 1930కి ఫోన్ చెయ్యాలి. ఆధార్ తిప్పలకి 1947, తెలుగులోనూ మాట్లాడతారు, ఒడియాలోనూ మాట్లాడతారు. ఆ నంబరు పెద్దవాళ్ళు మరిచిపోమన్నా మరిచిపోరు.

మా వీధిలో రిటైరైన మాస్టారొకరున్నారు. బతికే ఉన్నామని పింఛనుదారులు ఇచ్చే జీవన్ ప్రమాణ్ 2021 నుంచి ఫోన్ కెమెరాలో ముఖం చూపించి ఇవ్వొచ్చు. ఆయన అది నేర్చుకుని, నవంబరు వస్తే తోటివాళ్ళకి నేర్పిస్తున్నారు. ఎవరి ఫోనూ తన చేతిలోకి తీసుకోరు. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి "ఇప్పుడు కిందది నొక్కు, కాదు, దాని పక్కది" అంటారు. పదిసార్లు అడిగినా పదిసార్లూ అదే గొంతుతో చెబుతారు. మన పిల్లలకి రెండోసారికే చిరాకు.

బ్లాక్ ఆఫీసు వాళ్ళు ఇలాంటి మాస్టార్లని నలుగురిని పట్టుకుని, భత్తా కోసం జనం పోగయ్యే చోట ఒక బల్ల, నాలుగు కుర్చీలు వేయిస్తే చాలు. టీ ఖర్చు పెట్టుకోండి. పరీక్షా వద్దు, సర్టిఫికెట్టూ వద్దు, వయసు గీత అసలే వద్దు.