క్లోజ్ చేసినంత మాత్రాన బగ్ పోదు

కుబర్నెటీస్ అనే ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉండే) సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులో ఒక ఇష్యూ, అంటే ఎవరో రాసిపెట్టిన బగ్ ఫిర్యాదు లాంటిది, దాని మీద 90 రోజులు ఎవరూ మాట్లాడకపోతే బాట్ అనే ఆటోమేటిక్ ప్రోగ్రామ్ వచ్చి ‘స్టేల్’ (పాతబడింది) అని లేబుల్ తగిలిస్తుంది. ఇంకో 30 రోజులు గడిస్తే ‘రాటెన్’ (కుళ్లిపోయింది). మరో 30 రోజులకు క్లోజ్. ఈ అయిదు నెలల్లో కోడ్‌లో ఒక్క లైను కూడా మారి ఉండకపోవచ్చు. లోపం ఎక్కడిదక్కడే ఉంటుంది, లెక్కలోంచి మాత్రం పోతుంది.

ఆ లేబుల్ తీయించాలంటే ఎవరో ఒకరు ‘/రిమూవ్-లైఫ్‌సైకిల్ స్టేల్’ అని కామెంట్ పెట్టాలి. చాలాసార్లు ఆ పని బగ్ చెప్పిన మనిషి మీదే పడుతుంది. తర్వాత మళ్లీ అలికిడి లేకపోతే 90 రోజులకు అదే తంతు. లాగ్స్ (ప్రోగ్రామ్ నడిచిన రికార్డులు) తీసి, బగ్ ఎలా వస్తుందో ఓపిగ్గా వరసగా రాసిచ్చిన మనిషికి ఇది అవమానమే. అలాంటివాళ్లు రెండోసారి చెప్పడం మానేస్తారు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే.

ప్రాజెక్టును చూసుకునే మెయింటెయినర్ల కష్టం కాదనలేం. అన్ని ఇష్యూలకూ సరిగా స్పందించేంతమంది తమ దగ్గర లేరని కుబర్నెటీస్ బాట్ సందేశంలోనే ఉంటుంది. ఓపెన్ సోర్స్‌లో చాలామందిది జీతం లేని చాకిరీ. క్లోజ్ చేయడం తప్పని నేను అనను. కారణం చెప్పకుండా, క్యాలెండర్ చూసి క్లోజ్ చేయడమే తప్పు.

బగ్‌ల లెక్క చూసే బగ్‌జిల్లా అనే టూల్‌లో క్లోజ్ చేయడానికి ఫిక్స్‌డ్, డూప్లికేట్, వర్క్స్‌ఫర్‌మీ (నా దగ్గర బాగానే పనిచేస్తోంది), వోంట్‌ఫిక్స్ (బాగుచేయం) అని కారణాలు విడివిడిగా ఉన్నాయి. ‘వోంట్‌ఫిక్స్’ అంటే మనసు చివుక్కుమంటుంది, నిజమే. కానీ అది జవాబు. ఇక వీళ్లు చేయరని తెలిస్తే మనమే ప్యాచ్ (సవరణ కోడ్) రాసుకుంటాం, లేదా వేరే టూల్ వెతుక్కుంటాం. డెబియన్ అనే లినక్స్ ప్రాజెక్టులో వోంట్‌ఫిక్స్ ఒక ట్యాగ్ మాత్రమే. అది పెట్టాక కూడా బగ్‌ని తెరిచే ఉంచొచ్చు, తర్వాత అదే సమస్యతో వచ్చినవాళ్లకు వెంటనే కనబడుతుంది. చాలా ప్రాజెక్టులు కోడ్ పెట్టుకునే గిట్‌హబ్ సైటు అయితే క్లోజ్ చేసేటప్పుడు ‘కంప్లీటెడ్’, ‘నాట్ ప్లాన్డ్’ (చేసే ఉద్దేశం లేదు) అని తేడా చూపించడం 2022లో గానీ మొదలుపెట్టలేదు.

ఇప్పుడు వాడుకలోంచి తప్పించిన ప్రోబాట్ స్టేల్ అనే బాట్ సంగతి మరీ అన్యాయం. 60 రోజులు కదలిక లేని ఇష్యూకి అది డిఫాల్ట్‌గా (ఎవరూ సెట్టింగ్ మార్చకపోతే) వేసిన లేబుల్ ‘వోంట్‌ఫిక్స్’. బాగుచేయకూడదని ఎవరూ నిర్ణయించలేదు, అసలు ఎవరైనా చదివారో లేదో కూడా తెలియదు. అయినా తీర్పు పడిపోయేది.

ఇలాంటి బాట్‌లలో ఫలానా లేబుల్ ఉన్న ఇష్యూ జోలికి పోవద్దని సెట్టింగ్ పెట్టుకోవచ్చు. ఒక మనిషి పరీక్షించి, బగ్ నిజమేనని తేల్చిన వాటన్నిటికీ ఆ రక్షణ ఇవ్వాలి. గడువు పెట్టాల్సింది వివరాలు అడిగినా బగ్ చెప్పిన మనిషి పలకని ఇష్యూలకే.