తోట గారికి, తాళంచెవి విషయమై

తోట గారూ,

మీకు ఉత్తరం రాద్దామంటే అడ్రస్ దగ్గరే ఆగిపోయాను. 1683 అక్టోబర్ 4న మెక్సికో నగరంలో, ఓ పెద్ద అధికారి ఇంట్లో, అక్కడ స్పెయిన్ రాజు తరఫున ఏలే వైస్రాయ్ దంపతుల కోసం ఆడిన ‘లోస్ ఎంపేన్యోస్ దె ఉనా కాసా’ అనే నాటకంలో, ఓ ఇంటి తోటగా ఉన్నారు కదా మీరు. కథేమో సముద్రానికి ఆవల, స్పెయిన్‌లోని తొలేదోలో. నాటకం రాసిన కవయిత్రి సోర్ (అంటే సిస్టర్) హువానా మఠం గడప దాటకూడని సన్యాసిని. నాలుగు గోడల మధ్య కూర్చుని ఇంకొకరింటి గోడకి మీ పేరుతో కన్నం వేసిందావిడ!

ఆ ఇంటి యజమాని డాన్ పెడ్రోకి చెల్లెలు ఆనా పరువంటే ప్రాణం. అదే పెద్దమనిషి, తను మనసుపడ్డ లియోనోర్ తన ప్రియుడు కార్లోస్‌తో లేచిపోతుంటే, దొంగ పోలీసుల్ని పెట్టి మరీ ఆమెని దారిలో పట్టించి తన ఇంటికే తెప్పించుకున్నాడు. సరే, ఆయన పరువు ఆయనిష్టం. ఈలోగా పనిమనిషి సీలియా, ఆనా కోసం తిరిగే డాన్ హువాన్‌ని లోపలే దాచేసింది, పైగా మీ తాళంచెవి కూడా అతని చేతిలోనే పెట్టింది. మూడో అంకంలో అతను దాంతోనే దర్జాగా లోపలికొస్తాడు. ముందు గుమ్మం దగ్గర అంత హడావుడి చేసిన ఇంట్లో మీ తాళం సంగతి ఒక్కరైనా అడిగారా? కంచే చేను మేసిందని సీలియాని తిడదామంటే, అసలు ఆ కంచె మీరే కదండీ.

పోనీ చూడ్డానికైనా తోటలా ఉంటారా అంటే, అప్పటి స్పెయిన్ నాటకశాలల్లో పట్టపగలు ఆట ఆడుతూ, ఎవరో దీపం పట్టుకొస్తే రాత్రి అనుకోవాలి, పాత్ర ‘ఇది తోట’ అంటే తోట అనుకోవాలి. నాలుగు కొమ్మలు పెట్టారంటే ఆ రోజు మీకు పండగే.

నాకు నచ్చింది మాత్రం కార్లోస్ నౌకరు కస్తాన్యో. ఎవరికంటా పడకుండా ఇంట్లోంచి జారుకోవడానికి లియోనోర్ బట్టలు వేసుకుని ముసుగు కప్పుకుంటాడు, పెడ్రో అతన్నే లియోనోర్ అనుకుని ప్రేమ ఒలకబోస్తాడు. మీ తాళంచెవి ఇతనికి ఇచ్చుంటే ఆ చీర కష్టం, అదే, ఆ గౌను కష్టం తప్పేది.

చివర్లో లియోనోర్‌కి కార్లోస్, ఆనాకి హువాన్, సీలియాకి కస్తాన్యో. పెడ్రో ఒక్కడే మిగిలాడు. పాపం, ఇంత జరిగాక మీ దగ్గరికే వచ్చి కూర్చుంటాడేమో, తలుపు తీసే ఉంచండి. తాళం ఎలాగూ ఆయన దగ్గర లేదు.

ఇట్లు,
మీ గోడ బయట నిలబడ్డ ఒక ప్రేక్షకుడు