గుడ్లు తగ్గితే దాణా పెంచడమే మందు కాదు

కోడిపెట్టలు గుడ్లు తగ్గిస్తే దాణా ఎక్కువ వేయమని కోళ్ల పెంపకంపై ఒక వ్యాసంలో రాశారు. అది చాలాసార్లు పనిచేయదు. గుడ్లు పెట్టే మామూలు సైజు పెట్టకు రోజుకు 110–120 గ్రాముల లేయర్ దాణా (గుడ్లు పెట్టే కోళ్ల కోసం చేసిన మేత) చాలు. మిగతాది కొవ్వై పొట్టలో చేరి గుడ్లు ఇంకా తగ్గుతాయి. బియ్యం, నూకలు, వంటింటి మిగుళ్లు ఎక్కువైనా అంతే: కడుపు నిండుతుంది, మాంసకృత్తులు అందవు.

ముందు చూడాల్సింది వెలుతురు. పగలు కురచైన రోజుల్లో గుడ్లు తగ్గడం సహజం. పెట్టకు 14–16 గంటల వెలుతురు కావాలి. బల్బు పెడితే తెల్లవారుజామున వెలిగేలా పెట్టండి. రాత్రి ఒక్కసారిగా ఆర్పితే కోళ్లు చీకట్లో తాము కూర్చునే దండెం ఎక్కలేక తికమకపడతాయి. ఏడాది దాటిన పెట్ట ఈకలు రాలుస్తుంటే మాత్రం రెండు మూడు నెలలు ఆగాల్సిందే.

పెంకు పలచబడితే ఆల్చిప్పల ముక్కలు వేరే గిన్నెలో పెట్టండి, దాణాలో కలపొద్దు. ఏ పెట్టకెంత కావాలో అదే తింటుంది. గుడ్లకు రాని కోడిపిల్లలకు లేయర్ దాణా అసలు వద్దు, అందులోని ఎక్కువ కాల్షియం మూత్రపిండాలను పాడుచేస్తుంది.

ఇక నీళ్లు. ఎండలో ఒక్క పూట గిన్నె ఎండినా దెబ్బ చాలా రోజులు కనిపిస్తుంది. గిన్నె నీడలోనే ఉంచండి.