గుర్రుపెట్టి పడుకుంటే హాయిగా నిద్రపోయినట్టేనా?

"మీ ఆయనకేమమ్మా, నడుం వాల్చడమే ఆలస్యం, గుర్రుపెట్టి నిద్రపోతాడు." ఈ మాట మా అమ్మ ఎంతమంది నోట విందో! నాన్న గురక మాకందరికీ నవ్వులాట. ఆ గురక ఉన్నట్టుండి ఆగిపోతుందనీ, కాసేపు ఊపిరే వినపడదనీ, తర్వాత ఉలిక్కిపడ్డట్టు గాలి లాక్కుంటాడనీ అమ్మకొక్కదానికే తెలుసు. చీకట్లో ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకునేదట. ఓ రాత్రి ఇరవై అయిదు దాకా లెక్కపెట్టిందట.

నాన్నకి గుండెదడ వచ్చింది. ఈసీజీ తీసి ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అన్నారు. గుండె పైగదులు సరిగ్గా కొట్టుకోకుండా వణుకుతూ ఉంటాయి. అక్కడ రక్తం గడ్డకట్టి మెదడుకి చేరితే పక్షవాతమే. మామూలు వాళ్లకన్నా ఆ ముప్పు దాదాపు 5 రెట్లు. రక్తం గడ్డకట్టకుండా మాత్రలిచ్చారు, షాక్ ఇచ్చి లయ సరిచేశారు. నాలుగు నెలలు తిరిగేసరికి మళ్లీ మొదటికొచ్చింది. బీపీ అడిగారు, షుగర్ అడిగారు, థైరాయిడ్ చూశారు, సిగరెట్, మందు అలవాట్లు ఆరా తీశారు. రాత్రిళ్లు ఎలా నిద్రపోతున్నారని మాత్రం ఒక్కరూ అడగలేదు. పక్కనే కూర్చున్న అమ్మని అసలు పలకరించనే లేదు. నా కోపమంతా అక్కడే.

గురక అలా ఆగిపోయినప్పుడు జరిగేదిదీ: నిద్రలో గొంతు మూసుకుపోయినా ఛాతీ గాలికోసం లాగుతూనే ఉంటుంది. ఆ లాగుడికి పలచటి గోడలున్న పైగదులు సాగుతాయి. ఆక్సిజన్ పడిపోతుంది. మెదడు గాభరాగా తట్టి లేపుతుంది, అడ్రినలిన్ ఎగదన్నుతుంది, బీపీ పైకి లేస్తుంది. పొద్దున్నే అడిగితే మనిషికి ఇవేవీ గుర్తుండవు. గంటకి 30 సార్లు, ఆపైన ఇలా జరిగితే తీవ్రమైన స్లీప్ అప్నియా అంటారు. అంటే రెండు నిమిషాలకోసారి, రాత్రంతా, ఏళ్ల తరబడి! ఆ గోడలు మచ్చకట్టి, విద్యుత్ సంకేతాలు దారితప్పడంలో ఆశ్చర్యమేముంది?

2003లో వచ్చిన ఓ చిన్న అధ్యయనంలో, షాక్‌తో లయ సరిచేశాక అప్నియాకి చికిత్స తీసుకోనివాళ్లలో 82 శాతం మందికి ఏడాదిలోపే జబ్బు తిరగబెట్టింది. తీసుకున్నవాళ్లలో 42 శాతం మందికి. నిద్రలో గొంతు మూసుకుపోకుండా గాలి పంపే సీప్యాప్ మాస్క్ పెడితే దడ పోతుందని నేననను. తర్వాతి కొన్ని పరిశోధనల్లో అంత లాభం కనపడలేదు కూడా. కానీ అడగడానికేం? అమెరికన్ హార్ట్ అసోసియేషన్ సైతం గుండె ఆరోగ్యానికి ముఖ్యమైన అంశాల్లో నిద్రని చేర్చింది 2022లోనే.

గురక లేకపోయినా సరే, రోజుల తరబడి సరిగ్గా నిద్రపోనివాళ్లకి దడ వస్తే "టెన్షన్‌లే" అని కొట్టిపారేయకండి. డాక్టర్ దగ్గరికి పక్కన పడుకునే మనిషిని కూడా తీసుకెళ్లండి. అడగకపోయినా చెప్పించండి. మా విషయంలో మూడో డాక్టర్ అమ్మ వైపు తిరిగి "రాత్రి మీరేం చూస్తారమ్మా?" అన్నారు. అమ్మ ఏడ్చేసింది.

ఇప్పుడు నాన్న మాస్క్ పెట్టుకుని పడుకుంటున్నాడు. గదిలో గురక లేదు. మొదటి వారమంతా ఆ నిశ్శబ్దానికే అమ్మకి మెలకువ వచ్చేదట. లేచి, ఆయన ఛాతీ మీద చెయ్యేసి, ఊపిరి ఆడుతోందని తెలిశాకే మళ్లీ పడుకునేదట.