బీరువాలో ఉన్న నివేదిక గారికి

మహారాజశ్రీ హెండర్సన్ బ్రూక్స్–భగత్ నివేదిక గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి. 1962లో చైనాతో యుద్ధంలో మన సైన్యం ఓటమిని సమీక్షించిన తమరు, 1963లో రహస్యమంటూ బీరువాలోకి వేంచేసింది మొదలు తమ ఆరోగ్యం దివ్యంగా ఉందని వింటున్నాం. ఉండదా మరి! ఎండ లేదు, వాన లేదు, చదివి నలిపేవాడు అసలే లేడు. 1962 అక్టోబరులో ఈశాన్య సరిహద్దులో నామ్కా చూ అనే ఏటి ఒడ్డున ఉన్న మన 7వ బ్రిగేడ్‌కి ఇందులో సగం భద్రత దొరికినా బాగుండేది.

అక్కడి సంగతి తమకి తెలియనిది కాదు. చైనావాళ్లు పైన థాగ్లా గట్టు మీద, మనవాళ్లు కింద ఏటి ఒడ్డున. వానలు వెనకబడి ఏరు కాలినడకన దాటేటంత తగ్గింది, అంటే అడ్డంగా ఉంటుందనుకున్న నీరే దారి ఇచ్చేసింది. చాలామంది ఒంటిమీద నూలు బట్టలు, ఒక్కొక్కరి దగ్గర యాభై తూటాలు. విమానాలు త్సాంగ్‌ధర్ దగ్గర జారవిడిచిన సామానులో చాలా భాగం లోయల పాలైంది. చైనావాళ్లని ఆ గట్టు మీంచి తరిమే పని కుదరదని ఆ బ్రిగేడ్‌ని నడిపే బ్రిగేడియర్ దాల్వీ మొత్తుకున్నారు. అంతకుముందే కుదరదన్న 33వ కోర్ కమాండర్ ఉమ్రావ్ సింగ్ చేతిలోంచి ఆ ప్రాంతాన్నే లాగేసి, 4వ కోర్ అని కొత్తగా పుట్టించి లెఫ్టినెంట్ జనరల్ కౌల్ గారికి కట్టబెట్టారు. అక్టోబరు 20 తెల్లవారుజామున ఫిరంగులు మోగేసరికి కౌల్ గారు జబ్బుచేసి ఢిల్లీలో మంచం మీద ఉన్నారు. పగ్గాలు మాత్రం వదల్లేదు. బ్రిగేడ్ ఆ ఉదయమే చెదిరిపోయింది. రెండు రోజులకి దాల్వీ బందీ అయ్యారు.

ఇక బాధ్యుల లెక్క. సైన్యాధిపతి థాపర్ రాజీనామా చేశారు, తర్వాత రాయబారిగా అఫ్గానిస్తాన్ వెళ్లారు. కౌల్ కొలువు వదులుకున్నారు. 7వ బ్రిగేడ్‌కి పైనున్న 4వ డివిజన్ నుంచి తప్పించిన నిరంజన్ ప్రసాద్ 1965 పాకిస్తాన్ యుద్ధంలో లాహోర్ వైపు 15వ డివిజన్‌ని నడుపుతూ మళ్లీ కనిపించారు. సెప్టెంబరులో మళ్లీ తప్పించారు. మొదటిసారి తప్పు ఆయనదా, పైవాళ్లదా అన్నది బహిరంగంగా తేల్చినవారు లేరు.

తేల్చే ఏర్పాటు తమ పుట్టుకలోనే లేదు. కోర్ట్ ఆఫ్ ఎంక్వయిరీ, అంటే సైన్యం లాంఛనంగా జరిపే విచారణ అయితే, ఎవరి పరువుకి మచ్చ వచ్చేలా ఉందో ఆ అధికారిని మొదటినుంచి చివరిదాకా కూర్చోబెట్టాలి, సాక్షుల్ని అడగనివ్వాలి. ఆర్మీ రూల్ 180 చెప్పేది అదే. తమరు ఉత్త సమీక్ష. ఆ బాదరబందీ లేదు. పైగా సైనిక ప్రధాన కార్యాలయం జోలికి వెళ్లొద్దన్నారు. ఏటి ఒడ్డు నుంచి ఆరా తీసుకుంటూ వచ్చి, ఆజ్ఞలు పుట్టిన గది గుమ్మం దగ్గర చెప్పులు విడిచి ఆగిపోవాలన్నమాట!

ఆర్మీ చట్టం 34వ సెక్షన్ ప్రకారం, అప్పగించిన స్థావరాన్ని సిగ్గుమాలి వదిలేసిన వాడికి మరణశిక్ష దాకా వేయొచ్చు. 122వ సెక్షనేమో మూడేళ్ల గడువు పెట్టింది. పరారీ, తిరుగుబాటు లాంటి కొద్ది నేరాలకి తప్ప, గడువు దాటితే కోర్ట్ మార్షల్ లేదు. 1965 చివరికల్లా ఆ గడువు చెల్లింది. తమరు అప్పటికి బీరువాలో రెండో నిద్రలో ఉన్నారు.

2010లో రక్షణ మంత్రి ఆంటొనీ పార్లమెంటులో, తమలోని విషయాలకి నేటికీ యుద్ధరంగంలో విలువ ఉందన్నారు. నూలు బట్టలకా, యాభై తూటాలకా? 2014లో పాత్రికేయుడు నెవిల్ మాక్స్‌వెల్ తమ మొదటి సంపుటంలో చాలా భాగం అంతర్జాలంలో పెట్టేశాడు. బీజింగ్‌లో కూడా చదువుకోవచ్చు.

అంచేత మనవి: దాల్వీ అభ్యంతరాలు, వాటి పక్కన పైవారు రాసిన మాటలు తమ అనుబంధాల్లో ఉంటే, ఆ పుటలు ముందుగా పంపగలరు.

ఇట్లు,
తమ దర్శనానికి నోచుకోని పాఠకులు